మేకుకు వేలాడేది

బోర్డు మీద ఒక్క వరసే రాశాను.
పేరుకు ముందు ఒక చుక్క,
వెనక చదరపు బ్రాకెట్లో ఆరు.

"ఆరు పేర్లా?" అన్నాడు స్టరక్.

పేర్లు కావు. ఆరు చిరునామాలు.
పేర్లు ఇంకెక్కడో ఉంటాయి,
పొడుగువి పొడుగ్గా, పొట్టివి పొట్టిగా,
దేని చోట అది.
ఇక్కడున్నవి చూపించే వేళ్ళు మాత్రమే.

డండీలో మంగళవారం రాత్రి క్లాసు.
కిటికీ అవతల టే నది కనిపించదు, వాన వినిపిస్తుంది.
స్టరక్‌కి అరవై మూడు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు తోలాడు.
గొణుక్కుంటున్నట్టు అన్నాడు:
"ఇది మా డిపోలో తాళాల పలక."

మార్కరు ఆయన చేతికిచ్చి
వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను.

మేకులు గీశాడు, వంకరగా.
మేకుకు బస్సు వేలాడదు కదా, అన్నాడు.
వేలాడేది తాళంచెవి.
బస్సు ఏ వరసలో నిలబడిందో దాని బిళ్ళ చెబుతుంది.
మంచు పడ్డ పొద్దున
హిల్‌టౌన్ ఎక్కే బండి ముందు పోవాలంటే
రెండు తాళాలు అటూ ఇటూ మార్చేవాళ్ళం.
పన్నెండు టన్నుల ఇనుము
అంగుళం కదిలేది కాదు.

పదిహేనేళ్ళుగా గళ్ళూ బాణాలూ గీస్తున్నాను.
ఒక్కసారీ ఇంత బరువు చూపించలేకపోయాను.

(మొదటి మేకు నెంబరు సున్నా అంటే మాత్రం
ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు.)

నైట్ డ్యూటీకి పోవలసిన నర్సు డోరోటా
కోటు వేసుకుంటూనే అడిగింది:
"బస్సు తుక్కుకి పోయి
తాళం పలక మీదే ఉండిపోతే?"

మార్కరు ఆగింది.

కొత్త డ్రైవరు ఆ తాళం పట్టుకుని
చీకట్లో ఆ వరసకి వెళ్తాడు, అన్నాన్నేను.
అక్కడ ఏమీ లేకపోతే అదృష్టం.
ఇంకో బస్సు ఉండి, తాళం పట్టకపోయినా అదృష్టమే.
పట్టిందా,
ఎవరి బస్సో ఎక్కడికో పోతుంది,
తెల్లారేదాకా ఎవరికీ తెలీదు.
అందుకే, బస్సుని వదిలిన చేత్తోనే
మేకునీ ఖాళీ చెయ్యండి.
ఖాళీ అని తెలిసిన ఖాళీ మంచిది.

స్టరక్ అది నోట్సులో రాసుకుని
కింద రెండుసార్లు గీత గీశాడు.

తొమ్మిదిన్నరకి, స్టాపులో,
చిల్లర కోసం జేబు తడుముకుంటుంటే
ఆయన వేళ్ళకి చిక్కుకుని బయటికొచ్చింది
ఇత్తడి బిళ్ళ, నలభై ఒకటి,
అరిగి అరిగి నున్నబడ్డ తాళంచెవి.

"దాన్ని కోసి తొమ్మిదేళ్ళయింది," అన్నాడు.
నేనేమీ అడగలేదు.

"మేకు ఖాళీగానే ఉంచాను టీచర్,
మీ రూలు ప్రకారమే."