చేతివాటం

నా కత్తిపీటకు ఇరవై ఆరేండ్లు.
నూరి నూరి దాని నడుము సన్నబడింది,
నాది లావైంది.
బొచ్చె తలకాయైనా సరే
దాని మీద ఒక్క నొక్కుడు, అంతే.

ఇప్పుడు హోటలోళ్ళు కొత్త మాట నేర్చినారు.
ముల్లు ఉండగూడదంట.
తోలు ఉండగూడదంట.
నీళ్ళల్లో పుట్టినదాన్ని
నీళ్ళే గుర్తుపట్టనట్ల చేసి తెమ్మంటారు,
రోజుకు పన్నెండు కేజీలు, పొద్దున పదికల్లా.
కత్తిపీటకు ఆ ఇద్దె రాదు.

ఆదివారం బేరాలు సద్దుమణిగినాక
ఉరుకుందమ్మను వెంటబెట్టుకొని బయల్దేరినా.
నా పక్క బండ పిల్ల. పందొమ్మిదేండ్లు.
సుంకేసుల నుంచి ఆటోలో వస్తాది.
జెల్ల ముల్లు గుచ్చుకున్నా కుయ్యిమనదు.

వన్ టౌన్‌లో అంగడాయన
అద్దాల పెట్టె తెరిచి తళతళలాడేది తీసినాడు.
"జన్మలో తుప్పు పట్టదు."
బొటనేలి గోరు మీద ఆనించి చూసినా.
జారిపోయింది.
పదునున్నదైతే గోరును కొరుకుతాది.
చెయ్యి తడుపుకొని పిడి పట్టుకోమ్మే అన్నా పిల్లను.
ఆయన చెంబుతో నీళ్ళిచ్చినాడు.
నీళ్ళు కాదు సామీ,
కొర్రమీను ఒంటి మీది జిగురుండాల.
ఆ జిగురు చేతిలో నిలబడిందే పిడి.
ఆయన పెట్టె మూసేసినాడు.

హంద్రి ఒడ్డున మోనాచారి కొలిమి.
గోనెపట్ట మీద మూడు కత్తులు పరిచినాడు, మాటా పలుకూ లేకుండా.
ఒకటి లారీ కమాను పట్టాది. వంగదు. మేకలకు పెట్టుకోవాల్సిందే.
రెండోది వంగింది, మళ్ళా లేయలేదు,
జీతం రోజు మా ఇంటాయన మాదిరి.
మూడోది కట్టెమిషను రంపం పట్టీ నుంచి కొట్టింది.
కొసను రాతికి నొక్కితే ఒంగింది,
వదిలితే గంపలో చేప ఎగిరినట్ల ఎగిరింది.

సంచిలోంచి రాగండి తీసి బండ మీద పెట్టినా.
కత్తిని కండ్లతో ఎంచుకోరు, చెవితో ఎంచుకుంటారు.
వెన్నుముల్లు మీద అది నడుస్తాంటే
గాజుల వరస మీద గోరు గీసినట్ల
టిక్కు టిక్కుమని వినపడాల.
వినపడలేదంటే
మన కూలి ముల్లుకే అంటుకొని పోతాండాదని.

నా చేతిలో వినపడింది.
పిల్ల చేతికిచ్చినా.
కండలోకి దిగబడింది.
ఇంకోసారి. మళ్ళా అంతే.
తిట్టేదానికి నోరు తెరిచినా గానీ
మోనాచారి ముందుగా అడిగినాడు:
"ఏ చెయ్యి, పాపా?"

ఎడమ.

ఏడాదిగా నా కుడిపక్కన కూర్చుంటాది.
దాని మోచెయ్యి నా మోచేతికి తగిలినప్పుడల్లా
బండెడు తిట్లు తిట్టినా.
ఎందుకు తగులుతాదో
ఒక్కరోజు కూడా చూసుకోలే.
ఆ చెయ్యి మీద చిన్న మచ్చ.
"దీంతో సంగటి తింటాంటే మా జేజి వాత పెట్టింది" అనింది,
ఎవరిదో పొలం సంగతి చెప్పినట్ల.

పదును ఒక పక్కకే పెట్టినాను, కుడిచేతికి,
అన్నాడు మోనాచారి.
నలభై ఏండ్లల్లో ఎడమచేతికి ఒకటన్నా కొట్టిందే లేదన్నాడు,
తప్పు ఒప్పుకుంటున్నోడి మాదిరి.
సానరాయి తిప్పినాడు.
ఇటు చదును చేసి అటు పదును తీసినాడు.
నిప్పురవ్వలు పిల్ల పావడా మీద పడినా పక్కకు జరగలే.

రాగండిని తిరగేసినాం, రెండో పక్కకు.
టిక్కు. టిక్కు. టిక్కు.
ఒక్క మూరెడు చేపలో అన్ని గాజులుండాయా!

ఆ పట్టీ ముక్క ఒక్కటే మిగిలుండింది.
మూడువందల యాభై అన్నాడు.
నేను బేరమాడలే. అది నాకే వింత.
పిడికి సైకిలు ట్యూబు చుట్టి ఇయ్యమన్నా, ఊరికే.
అంతమాత్రం అడగకపోతే ఎట్ల?

సోమవారం పొద్దున బండలు మార్చుకున్నాం.
అది నా ఎడమకు వచ్చింది.
మధ్యలో జానెడు జాగా దొరికింది,
ముండ్లన్నీ అందులోకే.
హోటలు ముక్కలు దానివి.
తలకాయలు, తోకలు నావి.
పిల్లులకు మాత్రం ఇంకా తెలియడంలే,
పాత పక్కకే వచ్చి కూర్చుంటాండాయి.