నాలుగున్నర వేళ్లు

మునుసామి తాత ఎడం చేతికి నాలుగున్నర వేళ్లు.
చిటికెన వేలు సగంలో ఆగిపోయి
ముడేసిన తాడు కొసలా ఉంటుంది.

జువ్వలదిన్నె ఒడ్డున, తిరగేసిన పడవ నీడలో
వల కుడుతూ చెప్పేవాడు.
"సొర మింగలా పిలకాయా, అరువడిగింది.
పంటి సందున ముల్లు ఇరుక్కుందంట,
పుల్లేమన్నా ఉందా మావా అనింది.
నడిసముద్రంలో పుల్ల యాడ తెచ్చేది?
వేలిచ్చినా."

ఇంకో రోజు అడిగితే సొర ఊసే లేదు.
"అండమాను దాటినాక ఒక గాలి ఎదురొచ్చింది.
దారి తప్పిందంట పాపం,
మైపాడుకు ఎట్టా బోవాలన్నా అనింది.
ఇట్టా అని వేలెత్తి చూపిస్తి.
తొందర్లో ఉన్నింది గదా,
దారితో పాటు వేలు గూడా ఎత్తకపోయింది."

చందమామ వలలో పడిన కథ అన్నిటికన్నా పెద్దది.
ఒడ్డుకు తెచ్చి కాటా మీద పెడితే పదకొండు కేజీలు.
కావలి వ్యాపారి ఇటు తిప్పి అటు తిప్పి
"తదియ నాటి సరుకు, సగం గూడా లేదు,
పున్నమికి తే, రేటు చూద్దాం" అన్నాడంట.
ఒళ్లు మండి సముద్రంలోకి విసిరేస్తుంటే
దాని అంచు కోసుకుంది.

నేను మూడో తరగతి లెక్కల నోట్సు వెనక రాసుకున్నా:
సొర, గాలి, చందమామ.
ఒక్క వేలికి ముగ్గురు దొంగలు.

కవ్వళ్లు ఎండబోస్తూ కావేరవ్వ ఒకసారి
తలెత్తకుండానే అనింది:
"ఐసుపెట్టె మూత.
కాశిమేడులో, రాత్రి రెండు గంటలప్పుడు.
కట్టు కట్టించి, రెండొందలు చేతిలో పెట్టి
ఇంక రావద్దన్నాడు ఓనరు.
మూడు నెల్లు మీ తాత
సముద్రానికి వీపు పెట్టి కూర్చున్యాడు."
కాకిని అదిలించి, మళ్లీ చేపలు పరిచింది.

నోట్సు తెరిచి 'ఐసుపెట్టె' అని రాశా.
కాసేపు చూసి, పెన్సిలు విరిగేలా కొట్టేశా.

మర్నాడు తాత పక్కన కూర్చుంటే
ఏ కథా ఎత్తలేదు. వల కంతలోంచి నన్నే చూస్తున్నాడు.
అవ్వ చెప్పిన సంగతి తెలిసిందో ఏమో.

"తాతా, రాత్రి ఆ గాలి వచ్చింది.
మైపాడు చేరిందంట.
నీ వేలు ఇచ్చేసి పోదామని వస్తే
నువ్వు నిద్రపోతున్నావు, లేపలేదంట."

కండె ఆగింది.
"అట్టనా" అన్నాడు తాత, చాలాసేపటికి.
"గోరు పెరిగిందా దానికి?"

"పెరిగింది తాతా. బాగా."