చల్లటి పెనం

మా అమ్మ డెర్వ్లా
పెనాన్ని ముందుగా వేడిచేసేది కాదు.
చల్లటి ఇనుము మీదే
బేకన్ ముక్కల్ని పక్కపక్కన పడుకోబెట్టేది,
ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా,
చలికాలం రాత్రుళ్లు ఒకే మంచం మీద
మమ్మల్ని సర్దినట్టు.
పైన రెండు చెంచాల నీళ్లు.
ఆ తర్వాతే కింద మంట,
గోరంత.

వాటర్‌ఫర్డ్‌లో ఆదివారం అంటే
కిటికీ నిండా వాన.
రేవులో ఓడ కూత వేస్తే
ఉలిక్కిపడేది కుక్క, అన్న, నేను.
అమ్మ కాదు.
నాలుగో ఏట జ్వరం వచ్చి
పోతూ పోతూ ఆమె చెవుల్ని పట్టుకుపోయింది.

మా వీధిలో అందరూ చెవులతో వండేవాళ్లే.
పక్కింటి మిసెస్ హానిగన్ బట్టలు మడతపెడుతూ
వెనక్కి తిరక్కుండానే చెప్పేది,
"చిటపటలు సద్దుమణిగాయి, దించెయ్" అని.
అమ్మ వంగి చూసేది.
నీళ్లు ఇగిరిపోయాక
మీగడలా బద్ధకంగా పడున్న కొవ్వు
మెల్లగా గాజయ్యేది,
లోపల్నించి పెనం నలుపు కనిపించేది.
పెద్ద పెద్ద బుడగలు లేచి పగిలేవి.
ఇంకా కాదు, అని వేలు ఊపేది.
బుడగలు ఆవగింజలై,
ఆపైన సబ్బునురగై ముక్కల్ని కప్పేశాక
కర్రపిడి మీద రెండు వేళ్లు ఆనించి
కళ్లు మూసుకునేది,
నాడి చూస్తున్నట్టు.
కర్రలో ఆ పరుగు నెమ్మదిస్తే
అప్పుడు తిప్పేది.

అన్న ఫియాక్రాకి ఓపిక తక్కువ.
అమ్మ బొగ్గు తేవడానికి పెరట్లోకి వెళ్లిన ఓ పూట
మంట పెంచేశాడు.
అంచులు మసి, నడుమ చెప్పుతోలు.
అమ్మ ఏమీ అనలేదు.
ఆ ముక్కలన్నీ తనే తింది,
నమిలి, నమిలి,
వాడి ముఖంలోకే చూస్తూ.
నాలుగు తన్నినా బాగుండేదని
నలభై ఏళ్లొచ్చాక చెప్పాడు నాతో.

నాకు తొమ్మిదేళ్లప్పుడనుకుంటా,
ఒక ముక్కని నా చెవి దగ్గర విరిచి
చేతులతో అడిగింది:
ఎలా ఉంది, చప్పుడు?
ఎండుటాకు, అన్నాను నా చేతులతో.
తల అడ్డంగా ఊపింది.
పలచటి మంచు మీద బూటు, అన్నాను.
అది నా కాళ్లకి తెలుసు, అంది.
కాళ్లకి తెలియనిదేదో కావాలి ఆమెకి.
ఏం చెప్పను?
కరకరకి మా ఇంట్లో
చేతిగుర్తు లేదు.

కుర్చీ ఎక్కాను.
ఆమె నుదుటికి నా నుదురు గట్టిగా నొక్కి
పళ్ల మధ్య ముక్క పెట్టుకుని
కొరికాను.

ఎముకలోంచి ఎముకలోకి దాటినట్టుంది.
అమ్మ బిగుసుకుపోయింది.
ఇంకోటి, అంది.
ఇంకోటి.
పళ్లెం ఖాళీ.
నాకేదీ అని అన్న ఏడుపు.

ఇప్పుడు నా వంటింట్లో ఓవెన్ ఉంది,
జాలీ పళ్లెం ఉంది, కూతపెట్టే టైమర్ ఉంది.
ఓవెన్‌లో అన్నీ ఒకేలా వేగుతాయి, నిజమే.
ఆదివారం మాత్రం చల్లటి పెనం తీస్తాను,
పిడి మీద వేళ్లు పెట్టి నిలబడతాను.
కరిగిన కొవ్వుని గుడ్డలో వడగట్టి
జాడీలో పోస్తాను,
మూత మీద తేదీ రాస్తాను,
ఆమె రాసినట్టే
ఏడు అంకెకి నడుం మీద
అడ్డంగా ఓ గీత పెట్టి.