వంతెన కాపరి హోంవర్క్

ఫ్రీస్లాండ్‌లో, డొక్కుమ్‌కి ఇవతల కాలువ మీద
నాది ఎత్తే వంతెన.
పడవ హారన్ కొడితే ఎర్రదీపం వేస్తాను.
సైకిళ్ళు ఆగుతాయి. రోడ్డు లేచి నిలబడుతుంది.
దాటిపోయే పడవ ముందుకి
గాలపు కర్రకు కట్టిన చెక్కబూటు ఊపుతాను.
అందులో రెండు యూరోలు పడతాయి,
ఒక్కోసారి ఒక బొత్తాం.

నా కొడుకు స్యూర్డ్‌కి పదకొండేళ్ళు.
వాడి మెడ విసురుగా ఎడమకి పోతుంది,
వెంటనే ముక్కు రెండుసార్లు ఎగబీలుస్తుంది.
చూసినవాళ్ళు జలుబనుకుంటారు.
చూడనట్టు చూసినవాళ్ళు ఇంకేదో అనుకుంటారు.
నేను "ఆపరా" అనేవాణ్ణి,
తుమ్ముకి ముహూర్తం పెట్టినట్టు.

లేవార్డెన్‌లో మూడో అంతస్తు, లిఫ్టు పాడు.
హిస్కె అనే ఆవిడ, స్వెట్టర్ మోచేతికి మాసిక.
"ఆపడం సంగతి తర్వాత," అంది.
"ముందు అది వచ్చే దారి కనిపెడదాం.
వస్తోందనిపించగానే వేలెత్తు."

మొదట్లో వేలు ఆలస్యంగా లేచేది,
మెడ వెళ్ళి తిరిగి వచ్చేశాక,
బస్సు పోయాక చెయ్యూపినట్టు.
మూడో వారమో నాలుగో వారమో, ఒక మంగళవారం,
వేలు ముందు లేచింది.
మెడ ఇంకా ఇక్కడే ఉంది.
హిస్కె కలం కింద పెట్టి అడిగింది: "ఎలా ఉంది?"
"కాలర్ లోపల తడి ఇసుక," అన్నాడు వాడు.
"దులిపితే పోతుంది. కాసేపే."

ఆరేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం.
ఆ ఇసుక గురించి నేను ఒక్కసారీ అడగలేదు.

తర్వాత నేర్పింది:
గడ్డం కాస్త లోపలికి, చూపు నేరుగా,
మెడ కండరాలు మెత్తగా బిగించి
ఊపిరి ముక్కుతో, నిదానంగా.
ఒక నిమిషం. ఇసుక ఇంకా ఉంటే ఇంకొంచెం.

నిమిషమంటే నాకు తెలుసనుకున్నాను.
వంతెన లేచి దిగడానికి ఒకటీ ముప్పావు పడుతుంది;
ఆ లోపల సైకిలు బెల్లులన్నీ నన్ను తిడతాయి.
వాడు నా గదిలో స్టూలు మీద కూర్చుని
గడ్డం లోపలికి లాక్కుని కిటికీలోకి చూస్తుంటే
గోడ గడియారంలో ముల్లుకి కాళ్ళు నొప్పులు పుట్టాయి.

"నాన్నా, పడవ హారన్ కొడుతోంది.
నేను వంతెన ఎత్తట్లేదు."
"మరి పడవేం చేస్తుంది?"
"కాసేపు అరుస్తుంది.
ఆ తర్వాత ఇంజను ఆపుకుని శాండ్‌విచ్ తింటుంది."

అన్ని పడవలూ అలా ఆగవు.
మా అక్క కూతురి పుట్టినరోజున
ముప్పైసార్లు తిరిగింది మెడ, కేకు కోసేలోపే.
వేలు లేవలేదు. "ఇవాళ సెలవు," అన్నాడు.
హిస్కెకి చెబితే నవ్వింది.
నవ్వి, నా వైపు తిరిగింది:
"మీకూ ఒక హోంవర్క్.
అది వచ్చినప్పుడు మీరు వాణ్ణి చూడకండి."

ఇదేం పని, అనుకున్నాను.
ఆ రాత్రి బఠాణీ సూప్ దగ్గర
వాడి ముక్కు ఎగబీల్చింది, నా కళ్ళు వెళ్ళిపోయాయి.
మళ్ళీ. మళ్ళీ.
నాక్కూడా ఏదో తోస్తోంది కళ్ళ వెనక,
చూడకపోతే వాడు విరిగిపోతాడన్నట్టు.
చూస్తే తేలిక. కాసేపే.
నా గరిటె గిన్నెలోనే నిలబడిపోయింది.
ఎన్నేళ్ళుగా నాకీ టిక్?

ఇప్పుడు వాడి మెడ కదిలితే
నేను కాలువ గోడ మీద నీటిమట్టం కొలబద్ద చదువుతాను.
మైనస్ యాభై. మైనస్ యాభై రెండు.
వర్షాకాలంలో నాకు పని ఎక్కువ.

నిన్న చెక్కబూటు వాడికిచ్చాను.
కర్ర పట్టుకుని వంగాడు, పడవ దగ్గరకొచ్చింది,
మెడ ఎడమకి పోయింది.
మైనస్ నలభై ఎనిమిది.

"నాన్నా, చూడలేదుగా?"
"దేన్ని?"
"అబద్ధం," అన్నాడు వాడు, నీళ్ళ మీంచి కళ్ళు తియ్యకుండా.
బూటు మెల్లగా పడవ మీదికి ఊగింది.
వెనక్కొచ్చాక చూస్తే
బొత్తాం.