రెండు సీట్ల లెక్క

కిరిన్యాగా రోడ్డు చివర నా కొట్టు.
మ్వికాలి బస్సును రివర్సులో తెచ్చి ఆపింది.
దిగుతూనే అంది: "పదిహేను అంగుళాలవి. రెండు."
మిఠాయి కొట్టులో వేలు చూపించే పిల్ల గొంతు అది.
అప్పు కాగితం ఇంకా డాష్‌బోర్డు మీదే ఉంది.

ముప్ఫై మూడు సీట్ల బస్సు. రోంగాయ్ దారి.
ఆ దారిలో బండిని కళ్లతో ఎవరూ ఎంచుకోరు.
మలుపు తిరగకముందే అరికాళ్లకు తెలియాలి
వస్తున్నది ఎవరిదో.

టేపు తీశాను.
పదిహేనుకు ఊపిరి ఎక్కువ, పెట్టె పెద్దది కావాలి.
ఇరుకులో కుక్కితే
పసిపిల్లల పీట మీద పహిల్వానులా మూలుగుతుంది.
"రెండు సీట్లు పోతాయి," అన్నాను.
ఇంకేం అనలేదు.

ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది.
సీటుకు వంద షిల్లింగులు, రోజుకు పన్నెండు ట్రిప్పులు,
నెలకు ఇరవై ఆరు రోజులు...
మడిచిన వేళ్లు విప్పకుండా అలాగే నిలబడింది.
కండక్టర్ ఒడేరా ఊరుకోలేదు:
"మోత లేకపోతే కాలేజీ పిల్లలు ఎక్కరమ్మా,
ముప్ఫై మూడు ఖాళీ సీట్లు మోసుకు తిరుగుదాం."
అతనిదీ లెక్కే.

మూసిన పెట్టె గురించి చెప్పాను: నిండుకుండ, తొణకదు,
కొట్టిన దెబ్బ కొట్టిన చోటే ఆగుతుంది.
గొట్టం పెట్టిన పెట్టె గురించీ చెప్పాను:
అదే కరెంటుకు ఎక్కువ గర్జిస్తుంది,
కానీ ఏ పాట పెట్టినా తనకిష్టమైన ఒక్క స్వరాన్నే
పట్టుకు వేలాడుతుంది,
ప్రతి పెళ్లిలోనూ అదే కథ చెప్పే మేనమామలా.
అట్ట మీద వేసిన వాట్లు నమ్మొద్దన్నాను,
అది తుమ్మినప్పటి బలం.
రోజంతా మోసే బలం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

చివరికి రెండు పదులు.
బెంచీ కింద, చెరో మూల, గొట్టం లేని పెట్టెల్లో.
పిట్ట కొంచెమే. కూత సంగతి నాకు వదిలెయ్యమన్నాను.

మూడు రోజులు.
పద్దెనిమిది మిల్లీమీటర్ల చెక్క, అంచులకు జిగురు,
బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు,
ఎర్తు తీగ కోసం ఇనుము మెరిసేదాకా రంగు గీకడం.
మూడో సాయంత్రం వాన. కొట్టులో కరెంటు పోయింది.
ఫోను వెలుతురులో ఆఖరి తీగలు బిగించి
మీట తిప్పాను.

రెండు కోన్లూ కొట్టుకుంటున్నాయి. కళ్లారా చూస్తున్నాను.
పాట మాత్రం ఉప్పు లేని గంజి.
ఒడేరా నా ముఖం చూడకుండా కిటికీ తుడిచాడు,
తుడిచిందే తుడిచాడు.

ఒక్కోదాని మీద ఒక్కో అరచెయ్యి పెట్టాను.
ఎడమది ముందుకొస్తుంటే కుడిది వెనక్కి పోతోంది.
తప్పు నాదే. ఎరుపూ నలుపూ తారుమారు.
ఇద్దరూ ఒళ్లు విరుచుకుని పనిచేస్తూ
ఒకరి పనిని ఒకరు మింగేస్తున్నారు.
మా ఇంట్లో పదకొండేళ్లు ఇలాగే నడిచింది.
అక్కడ ఏ తీగ మార్చాలో దొరకలేదు.

మార్చి, మళ్లీ తిప్పాను.

మొదట నంబరు ప్లేటు మాట్లాడింది.
తర్వాత సీట్ల కింది ఇనుము, తర్వాత నా పక్కటెముకలు.
వెనక బెంచీ మీద మ్వికాలి టీ కప్పులో
వలయాలు పుట్టి, అంచు తాకి, తిరిగొస్తున్నాయి.
ఆమె కప్పునే చూస్తోంది.
"తగ్గించు," అంది. తగ్గించాను. "ఇంకొంచెం."
టీ మీద మీగడ నిలిచింది.
"రాత్రి ఆఖరి ట్రిప్పులో నిద్రపోయేవాళ్లుంటారు.
వాళ్లకు ఇంత చాలు. పగలు ఒడేరా ఇష్టం."
మీట పక్కన సుద్దతో గీత గీశాను.

నాలుగు నెలలైంది.
ఇవాళ మధ్యాహ్నం ముందు కొట్టు షట్టరు వణికింది,
తర్వాత గోడకు వేలాడే స్పానర్లు.
తల ఎత్తలేదు నేను.
సుద్ద గీత దాటి చాలా పైనే ఉంది మీట.
వెనక బెంచీలో ఐదుగురూ కూర్చునే ఉంటారు.
అంత మోత మీదా సన్నగా ఆ నంబరు ప్లేటు గిలగిల.
దాని వెనక రబ్బరు ముక్క పెడతానని చెప్పి
మరిచాను.