రెండాకులు, ఒక మొగ్గ

కెరిచోలో తెల్లారకముందే బయలుదేరితే
ఎల్డొరెట్ ఆస్పత్రి చేరేసరికి పొద్దెక్కుతుంది.
మటాటు వెనక సీట్లో నేను,
నా ఒళ్లో ప్లాస్టిక్ బకెట్.
పైన మూత, లోపల ఏమీ లేదు.
అది తిరుగు ప్రయాణానికి.

పక్కన కూర్చున్న కుర్రాడు అడిగాడు,
"సంతకా, అమ్మా?"
అవునన్నాను.
పూర్తిగా అబద్ధమేం కాదు.
అక్కడా తూకం వేస్తారు.
వెళ్లిన ప్రతిసారీ తక్కువే తూగుతాను.

తూకం సంగతి నాకు కొత్తా?
ఇరవై ఆరేళ్లు తేయాకు కోశాను.
రెండాకులు, ఒక మొగ్గ. రెండాకులు, ఒక మొగ్గ.
కళ్లు మూసుకున్నా వేళ్లకు తెలిసేది
ఏది లేతో, ఏది ముదురో.
ఎర్రమందు అయ్యాక తెల్లమందు మొదలెట్టారు.
దాని రెండో సీసాకే
వేళ్ల కొసలు నన్ను వదిలేసి ఎటో వెళ్లిపోయాయి.
గుండీ పెట్టుకోలేను.
మనవరాలు జెప్టూ చెంప నిమిరితే
గుడ్డ నిమిరినట్టుంది.
ముర్సిక్ తాగితే
పాల పులుపూ లేదు, బుర్రకాయలో బొగ్గు వాసనా లేదు,
నాలుక మీద ఇనప మేకు పెట్టినట్టు.

పాస్టరు కిప్కెమోయ్ మంచివాడే.
ఇంటికొచ్చి, మట్టినేల మీద మోకాళ్లూని,
"విశ్వాసముంటే చాలు తల్లీ, గడ్డ మంచులా కరిగిపోతుంది" అన్నాడు.
ఆయన వెళ్లాక
గడ్డనీ, విశ్వాసాన్నీ, రెండిట్నీ తడిమి చూశాను.
గడ్డే గట్టిగా ఉంది.

ఆ తర్వాత మూడు వారాలు ప్రార్థన చెయ్యలేదు.
ఎవరికీ చెప్పలేదు.
ఆదివారం పాటలప్పుడు పెదవులు కదిపాను, అంతే.
గొంతు పోయిందేమో అనుకున్నారు పాపం.

మంగళవారం.
వార్డులో పదకొండు కుర్చీలు, పన్నెండుమందిమి.
బుంగోమా నుంచి వచ్చే నెకేసా
తన కుర్చీలో సగం జరిగి,
"రా, ఎముకలమే కదా, ఇద్దరం పడతాం" అంది.
నవ్వాం. సీసాలు రెండూ ఊగాయి.
నర్సు కేకలేసింది.

నెకేసా మెడలో నల్లతాడు, తాడుకు చెక్క సిలువ,
సిలువ మీద గోరంత మనిషి.
మా చర్చిలో సిలువ ఖాళీగా ఉంటుంది.
వాళ్లది కాథలిక్కు.
మందు చుక్క చుక్కా దిగుతుంటే
ఆ మనిషి చేతులకేసే చూస్తూ కూర్చున్నాను.
మేకు దిగింది అరచేతిలోనో, మణికట్టులోనో.
నరాలు అక్కణ్నుంచే కదా వేళ్లలోకి పోయేది,
డాక్టరమ్మ కాగితం మీద గీసి మరీ చూపించింది.

అప్పుడడిగాను.
పెదవి కదపలేదు, మోకాలు వంచలేదు.
ప్రభువా,
నీ వేళ్లు కూడా మొద్దుబారాయా?
మీ అమ్మ కింద నిలబడి ఉంటే
ఆమె చెంప గుర్తుచేసుకుందామంటే
చేతికి గుర్తు రాలేదా?

జవాబు రాలేదు.
ఉరుమూ లేదు, వెలుగూ లేదు.
ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతూనే ఉంది.
కానీ మూడు వారాల తర్వాత
ఒకరితో మాట్లాడానని,
ఆ ఒకరికి ఈ సంగతి కొత్త కాదని
తెలిసింది.
ఎలా తెలిసిందంటే చెప్పలేను.
ఒకప్పుడు వేళ్లకు లేతాకు తెలిసినట్టు.

తిరుగు దారిలో బకెట్ రెండుసార్లు వాడాను.
కిటికీ అద్దం మీద వాన,
మా కొండల్లో రోజూ మధ్యాహ్నం పడేదే,
ఆవేళ కాస్త ఆలస్యంగా వచ్చింది.

స్కాన్ వచ్చే నెల.
అది ఏం చెబుతుందో దానిష్టం.
రాత్రి నిద్రపట్టక
ఇంటి వెనక తేయాకు వరుసలోకి వెళ్లాను.
కళ్లు మూసుకుని, చెయ్యి చాపి, తుంచాను.
దీపం దగ్గరికి తెచ్చి చూస్తే
ఒకటి లేత, రెండు ముదురు, మొగ్గే లేదు.
మేస్త్రీ చూస్తే విసిరికొట్టేవాడు.

కోటు జేబులో వేసుకున్నాను.
జేబు గుండీ జెప్టూ పెడుతుంది పొద్దున్న.
మంగళవారం నెకేసాకి చూపించాలి.