ఏలిముద్ర అడగనిది

ఏటన్నావు గుంటా దీని పేరు?
మళ్లీ సెప్పు. నోరు తిరగదు నాకు.
బొత్తాం అనీసుకుంటాను. ఎర్ర బొత్తాం.

ముందు ఒక మాట సెప్పు.
దీనికి ఏలిముద్ర కావాలా?
నవ్వకు.
కాశీబుగ్గలో ముప్పైనాలుగేళ్లు జీడిపిక్కలు కొట్టేను.
పిక్క పగిలితే సమురు సిమ్ముతాది.
బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా
తోలు ఊడి, కొత్త తోలొచ్చి, అదీ ఊడి
ఆఖరికి గీతలన్నీ ఎల్లిపోనాయి.
రేషనుకాడ ఆ మిషను మీద ఏలెడితే
ఎర్రలైటు. తుడుసుకుని ఎట్టు. ఎర్రలైటు.
ఇంకో ఏలు. ఎర్రలైటు.
"దాలమ్మా, నువ్వు నువ్వు కాదంటంది మిషను"
అని నవ్వీసినాడు డీలరు.
బియ్యం ఇచ్చీసినాడులే, మంచోడే.
మూడోరోజుకి.

అయితే ఇది ఎవులి ఏలైనా ఒప్పుకుంటాదా?
ఏలాడకపోతే మోచెయ్యి?
గెడ్డంతో నొక్కినా?
ఓలమ్మ...
ఎప్పుడో ఓపాలి పడిపోనోలే సేసుంటారు దీన్ని.

ఆ గూట్లో గ్లాసు సూడు.
సూడు సాలు, తియ్యకు.
అంచంతా సొట్టలు. లెక్కెట్టేను, పదకొండు.
మా సూరీడమ్మది.
ఒకే బట్టీకాడ పని మాకు, పక్కపక్క పీటలు,
ఒకే గది, అద్దె సగం సగం,
కూర మాత్రం దాని ఇష్టం, ఉప్పెక్కువ.
నాను సోంపేటలో పెళ్లికెల్లిన రాత్రి
పెరటిగుమ్మంకాడ జారింది. తుంటెముక ఇరిగింది.
నోరు పెగల్నేదు కాబోలు
సేతికందిన గ్లాసట్టుకుని గచ్చు మీద కొట్టింది.
కొట్టింది.
మా ఇంటెనక రైలుకట్ట.
గూడ్సుబండి ఎల్లిందంటే నా మాట నాకే ఇనబడదు.
రెండు బళ్ల మజ్జిన కొట్టిందో
బండి ఎల్తన్నప్పుడే కొట్టిందో
ఎవులికి తెలుసు.
పొద్దున్న పాలోడు సూసేడు.
పేనముందప్పటికి.
ఆసుపత్రి గేటు దాకా ఉంది.

సరే, పేర్లు మూడు రాయాలన్నావు కదా, రాయి.
టీకొట్టు గున్నయ్య. నిద్దరపోడు ఆడు.
మా సెల్లి కొడుకు బరంపురంలో ఉన్నాడు గానీ
ఆడొచ్చీలోపల నాను సల్లారిపోతాను. వద్దు.
కుళాయిలిప్పే డిల్లేసు, రాయి.
మూడోది...
మూడోది ఎదురింటి కామమ్మ.
అవును, దాంతోటే కాలవ గొడవ.
ఏడేళ్లయి మాటల్నేవు.
అయినా రాయి.
అందరికన్నా అదే బేగొచ్చీస్తాది,
నాను నిజంగా పడ్డానో నేదో సూడ్డానికైనా.

తానంకాడా తియ్యకూడదా?
రాత్రిపూట సార్జింగా?
సరే, ఆ తీగ గూట్లోనే ఎట్టు.
గ్లాసు పక్కన.
గ్లాసుకైతే సార్జింగక్కర్నేదు,
ఇనే మనిషే కావాల.

ఇప్పుడే నొక్కమంటావా?
ఉండు.
బండెల్లనీ.

...

ఓలమ్మా, మాటాడతంది!
ఎవులో సిన్నగుంట, సిక్కోలు నుంచి కాబోలు,
"చెప్పండమ్మా, ఏమైంది?" అంటంది.
ఎంత నిదానంగా అడిగిందో సూసేవా,
పొద్దుకాడి నుంచి నాకోసమే కూకున్నట్టు.

ఏటి?
నానేటన్నాను?
సూరీడమ్మ పడిపోనాది, బేగి రండనీసేనా?

ఇలగియ్యి... కాదు, నువ్వే సెప్పు దానికి.
భయపడిపోతాది పాపం.
ఇక్కడేటీ అవ్వనేదని సెప్పు.
బొత్తాం పనిసేస్తందా అని సూసేమని సెప్పు.
ముసిల్దేదో అనీసింది,
అది తొమ్మిదేళ్ల కిందటి మాటని సెప్పు.